తాబేలును రాష్ట్రం దాటించాలంటే ఎవరిని అడగాలి? వన్యప్రాణి పర్మిట్ల చిక్కుముడి

తొలకరి పడ్డాక అనంతపురం, కడప మెట్ట పొలాల్లో నక్షత్ర తాబేళ్ళు బయటికొస్తాయి. నల్లటి డిప్ప, ప్రతి గడి నడుమ ఒక పసుపు మచ్చ, ఆ మచ్చ నుంచి అంచుల దాకా సన్నటి పసుపు గీతలు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఒకరు, పిల్లలు ఆడుకుంటారని ఇంకొకరు ఎత్తుకెళ్తుంటారు. కొన్నాళ్ళకు ఆ కుటుంబం బెంగళూరుకో హైదరాబాదుకో మారుతుంది. అప్పుడొస్తుంది ప్రశ్న: దీన్ని వెంట తీసుకెళ్ళాలంటే ఫారెస్టువాళ్ళ పర్మిట్ ఏమన్నా కావాలా?

కడప వైపు పర్మిట్ అనగానే ఎర్రచందనం గుర్తొస్తుంది. దుంగ వెంట కాగితం ఉంటే సక్రమం, లేకుంటే అక్రమం. జంతువుల సంగతి అంత తేలిగ్గా తేలదు. ఇక్కడ పర్మిట్ అనేది ఒక కాగితం కాదు. జంతువు ఏది, అది చేతికెలా వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోతోంది, ఎందుకు పోతోంది అనే నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబుల్ని బట్టి కాగితం మారుతుంది. కొన్నిసార్లు అసలు అలాంటి కాగితమే ఉండదు. పై తాబేలు అలాంటిదే.

సరిహద్దు కన్నా ముందే పడే అడ్డుకట్ట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకితో కాల్చడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల వేయడం, ఉచ్చు పెట్టడం, అందుకు ప్రయత్నించడం, గుడ్లను గూళ్ళను చెడగొట్టడం, అన్నీ వేట కిందికే వస్తాయి. పొలం గట్టు మీది తాబేలును సంచిలో వేసుకున్నా చట్టం లెక్కలో అది వేటే. 9వ సెక్షన్ ఆ వేటను నిషేధిస్తుంది. 39వ సెక్షన్ ప్రకారం అలా పట్టుకున్న జంతువు ప్రభుత్వ ఆస్తి.

కాబట్టి ఆ తాబేలును హిందూపురం నుంచి కొడికొండ మీదుగా కర్ణాటకలోకి తీసుకెళ్ళడానికి ఏ అధికారీ పర్మిట్ ఇవ్వలేడు. మొదటి అడుగే చెల్లనప్పుడు రెండో అడుగుకు అనుమతి ఎక్కణ్ణుంచి వస్తుంది? సరిహద్దు దాటకుండా అనంతపురంలోనే ఇంటి పెరట్లో ఉంచుకున్నా నేరం నేరమే. సరిహద్దు దాటితే నేరం మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాటడం వల్ల దొరికిపోయే అవకాశం పెరుగుతుందంతే.

మరి తాతల నాటి నుంచి ఇంట్లో ఉన్న పులి చర్మం, జింక కొమ్ముల మాటేమిటి? వాటిని ప్రకటించుకోవడానికి 2003లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చి 180 రోజుల గడువు ఇచ్చింది. అప్పుడు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం పొందినవాళ్ళ దారి వేరు. వాళ్ళు ఆ వస్తువును మరో రాష్ట్రానికి తీసుకెళ్తే 30 రోజుల్లోగా అక్కడి వన్యప్రాణి అధికారికి తెలపాలి. ధ్రువపత్రం లేనివాళ్ళకు ఈ దారి లేదు.

షెడ్యూళ్ళు మారాయి, శిక్షలూ మారాయి

చట్టంలో ఒకప్పుడు 6 షెడ్యూళ్ళుండేవి. 2022 సవరణతో అవి 4 అయ్యాయి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు మొదటి షెడ్యూల్లో అత్యంత కఠిన రక్షణ ఉన్న జంతువులు, రెండో దాంట్లో మిగతా రక్షిత జంతువులు, మూడో దాంట్లో మొక్కలు ఉన్నాయి. నాలుగోది సైటిస్ అనే అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద వచ్చే జీవుల జాబితా.

నక్షత్ర తాబేలు పాత లెక్కలో నాలుగో షెడ్యూల్లో ఉండేది. ఇప్పుడు మొదటి దాంట్లోకి వచ్చింది. ఈ మార్పుతో శిక్ష పూర్తిగా మారిపోయింది. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గకూడదు. మిగతా చాలా నేరాలకు గరిష్ఠంగా 3 ఏళ్ళు జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత రోజుల్లో తాబేలు పెంచుకుని మందలింపుతో బయటపడ్డ మామయ్య కథ చెప్పుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్ళు గమనించాల్సింది ఇదే.

రామచిలుకదీ ఇలాంటి పరిస్థితే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి, రక్షిత జాబితాలోని పక్షి. అయినా చిలక జోస్యం పంజరం గుంతకల్లులో రైలెక్కి బళ్ళారిలో దిగుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఎవరూ అడగడం లేదంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు.

బస్సువాడికి, లారీవాడికి ఏం సంబంధం?

48ఎ సెక్షన్ గురించి జనానికి పెద్దగా తెలియదు. ఇది జంతువు యజమానితో కాదు, రవాణాకు ఒప్పుకునేవాడితో మాట్లాడుతుంది. వన్యప్రాణినిగానీ, దాని శరీర భాగాలతో చేసిన వస్తువునుగానీ రవాణాకు తీసుకునే ముందు, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన మరో అధికారి అనుమతి ఉందో లేదో తగిన జాగ్రత్తతో తెలుసుకోవాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. అనంతపురంలో ఒకతను అట్టపెట్టె తెచ్చి హైదరాబాద్ బస్సులో పార్శిల్ వేశాడు. పైన 'గాజు సామాను' అని రాసుంది. లోపల గుడ్డల్లో చుట్టిన 20 తాబేటి పిల్లలు. జాతీయ రహదారి 44 మీద కర్నూలు దాటగానే పంచలింగాల దగ్గర తనిఖీలో పెట్టె తెరిచారు. పెట్టె పంపినవాడి మీద కేసు ఖాయం. బుకింగ్ గుమాస్తా సంగతి ఏమవుతుంది? పెట్టెకు గాలి రంధ్రాలున్నాయి, లోపల చప్పుడవుతోంది, అయినా అడక్కుండా తీసుకున్నాడంటే 'తగిన జాగ్రత్త' చూపలేదన్న వాదనకు బలం వస్తుంది. మామూలు పెట్టెలా ఉండి, ప్రశ్నలు అడిగి, రాయించుకుని తీసుకుని ఉంటే ఆ వాదన బలహీనపడుతుంది. ఎంత జాగ్రత్త చాలు అన్నది చట్టం కొలిచి చెప్పలేదు, కేసును బట్టి కోర్టు తేల్చాలి.

ఇక ఆ 20 పిల్లలు? అవి ఇప్పుడు కేసు సొత్తు. వాటిని ఎక్కడ వదలాలన్నా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తాబేలు ఆకలికి, కోర్టు వాయిదాకు పొత్తు కుదరదు. పట్టుబడిన జంతువుల్లో చాలావాటి గతి ఈ మధ్యకాలంలోనే తేలిపోతుంటుంది.

జూల మధ్య, ప్రభుత్వాల మధ్య

జంతువులు సక్రమంగా రాష్ట్రాలు దాటే ముఖ్యమైన దారి జంతు ప్రదర్శనశాలలది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ నుంచి బెంగళూరు బన్నేరుఘట్టకు ఒక జింకల జత పోవాలనుకుందాం. చట్టంలోని 38ఐ సెక్షన్ ప్రకారం మొదటి, రెండో షెడ్యూళ్ళ జంతువుల్ని ఇవ్వాలన్నా తీసుకోవాలన్నా కేంద్ర జూ అథారిటీ ముందస్తు అనుమతి కావాలి. గుర్తింపు ఉన్న జూ నుంచి గుర్తింపు ఉన్న జూకే పోవాలి. పశువైద్యుడి ఆరోగ్య పత్రం, ప్రయాణంలో ఎండదెబ్బ తగలని ఏర్పాటు, అక్కడ సిద్ధంగా ఉన్న ఎన్‌క్లోజరు, ఇవన్నీ చూస్తారు. జంతువు సర్కారుదే, ఇటూ అటూ ఉన్నదీ సర్కారే కాబట్టి వివాదం తక్కువ.

ఏనుగులది ప్రత్యేక కథ. మచ్చిక చేసిన ఏనుగుల బదిలీకి 2022 సవరణ ఒక తలుపు తెరిచింది: మతపరమైన అవసరానికో 'మరే ఇతర అవసరానికో' ధ్రువపత్రం ఉన్న యజమాని ఏనుగును బదిలీ చేయొచ్చు. దానికి 2024 మార్చిలో విడిగా నిబంధనలొచ్చాయి. ఏనుగు జన్యు వివరాలు కేంద్ర పర్యావరణ శాఖ ఎలక్ట్రానిక్ వ్యవస్థలో నమోదై ఉండాలన్న షరతు పెట్టారు. 'మరే ఇతర అవసరం' అన్న మాట మరీ వదులుగా ఉందని, దాని చాటున అమ్మకాలు సాగుతాయని జంతు హక్కులవాళ్ళు అంటారు. పోషించలేని యజమాని దగ్గర ఏనుగు మగ్గిపోవడం కన్నా లెక్కా పత్రంతో చేతులు మారడం మేలని ఇంకో వాదన. ఇద్దరి భయాలూ ఉత్తుత్తివి కావు.

మన వైపు అందరూ చూసిన ఉదాహరణ కుంకీలది. చిత్తూరు జిల్లాలో పంటల మీద పడుతున్న అడవి ఏనుగుల్ని మళ్ళించడానికి శిక్షణ పొందిన ఏనుగులు కావాలని ఆంధ్రప్రదేశ్ కర్ణాటకను అడిగింది. 2024 సెప్టెంబరులో విజయవాడలో ఒప్పందం కుదిరింది. 2025 మే నెలలో బెంగళూరు విధానసౌధ దగ్గర 4 ఏనుగుల్ని అప్పగించారు. ఒప్పందానికీ అప్పగింతకూ నడుమ 8 నెలలు. సంతకాలు పెట్టింది రెండు ప్రభుత్వాలు అయినా అంత సమయం పట్టింది.

ఆలూరు జింకలు: 'పట్టుకెళ్ళి అడవిలో వదలండి' అనడం ఎంత తేలిక

కర్నూలు జిల్లా ఆలూరు, ఆస్పరి వైపు రైతుల బాధ వేరు. కృష్ణజింకల మందలు రాత్రికి రాత్రి లేత పైరును కొరికేస్తాయి. శనగ, పత్తి, కొర్ర అన్న తేడా లేదు. మొలక తిన్న చోట మళ్ళీ విత్తాలి, విత్తనం ఖర్చు రెండింతలు. వీటిని పట్టి వేరే చోట వదలమని రైతులు అడగడంలో తప్పేమీ లేదు. చట్టంలో దానికి దారి కూడా ఉంది. 12వ సెక్షన్ కింద 'శాస్త్రీయ నిర్వహణ' కోసం జంతువుల్ని అనువైన మరో చోటికి తరలించడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఇవ్వొచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది కాబట్టి కేంద్రం ముందస్తు అనుమతి కూడా ఉండాలి.

కాగితాలు వచ్చాయనుకుందాం. పట్టడం ఎలా? జింకను వలేసి పట్టుకుంటే గాయం లేకుండానే చచ్చిపోవచ్చు. ప్రాణభయంతో పరిగెత్తి పరిగెత్తి కండరాలు దెబ్బతిని, కొన్ని గంటలకో కొన్ని రోజులకో కూలిపోతుంది. అందుకే ఆఫ్రికాలో 'బోమా' అనే పద్ధతి వాడుతున్నారు. గరాటు ఆకారంలో పొడవాటి దడి కట్టి, బట్టతో కప్పుతారు. వెడల్పు మూతి వైపు నుంచి మందను మెల్లగా తోలుకొస్తారు. దడి రానురాను ఇరుకై, చివరికి వాహనంలోకే తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి జింకకు తగలదు. మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో 2025 అక్టోబరులో హెలికాప్టరుతో తోలి ఇదే పద్ధతిలో కృష్ణజింకల్ని పట్టి, ఆ రాష్ట్రంలోనే వేరే అటవీ ప్రాంతాలకు తరలించారు. అదంతా ఒకే రాష్ట్రంలో జరిగింది. ఆలూరు జింకల్ని పక్క రాష్ట్రానికి పంపాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. తన రైతుల పొలాల్లోకి ఇంకొకరి జింకల్ని రమ్మనే ప్రభుత్వం ఏది?

పర్యావరణవేత్తల అభ్యంతరం ఇంకోటి. కృష్ణజింక అడవి జంతువు కాదు, గడ్డి మైదానాల జంతువు. నల్లమలలో వదిలితే దానికి అదేమీ పుట్టిల్లు కాదు. గడ్డి నేలలు సాగులోకి వచ్చాక జింకకు పొలమే మైదానమైంది. పట్టి తీసుకెళ్ళినా ఖాళీ అయిన చోటికి ఇంకో మంద రావచ్చు. దానికి రైతు ఇచ్చే జవాబూ సూటిగానే ఉంటుంది: మైదానాలు పోవడానికి నేనొక్కణ్ణే కారణమా, నష్టం మాత్రం నాకొక్కడికేనా? పరిహారం వేగంగా, సరిగ్గా అందితే ఈ రెండు వాదనల నడుమ దూరం తగ్గుతుందని నాకనిపిస్తుంది. తరలింపు పర్మిట్ మీద సాగే గొడవలో సగం నిజానికి పరిహారం గొడవే.

ఇదిలా ఉండగా రాయదుర్గం కొండల్లోని ఎలుగుబంటి రాత్రి కర్ణాటక వైపు పోయి తెల్లారేసరికి తిరిగొస్తుంది. దాన్ని ఎవరూ కాగితం అడగరు. అదే ఎలుగుబంటి ఊళ్ళో బావిలో పడి, మత్తు ఇచ్చి పైకి తీయాల్సి వస్తే, ఆ క్షణం నుంచి ప్రతి అడుగుకూ ఉత్తర్వు కావాలి.

దేశం దాటాలంటే రెండు వైపుల పత్రాలు

అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది సైటిస్ ఒప్పందం. 1973లో వాషింగ్టన్‌లో కుదిరి, 1975లో అమల్లోకి వచ్చింది. భారత్ 1976లో చేరింది. ఇందులో మూడు అనుబంధాలుంటాయి. మొదటి అనుబంధంలోని అడవి జీవులతో వ్యాపారం నిషిద్ధం. జూలు, పరిశోధన లాంటి అవసరాలకు తరలించాలంటే ఎగుమతి దేశం పర్మిట్, దిగుమతి దేశం పర్మిట్ రెండూ కావాలి. దిగుమతి పత్రం ముందు ఉంటేనే ఎగుమతి పత్రం ఇస్తారు. రెండో అనుబంధంలోని జీవులకు ఒప్పందం ప్రకారం ఎగుమతి పర్మిట్ తప్పనిసరి, దానివల్ల అడవిలో ఆ జీవి మనుగడ దెబ్బతినదని శాస్త్రీయ విభాగం చెప్పాలి. ఏ దేశమైనా తన చట్టాన్ని ఇంతకన్నా కఠినంగా పెట్టుకోవచ్చు. భారత్ అలాగే పెట్టుకుంది. మన విదేశీ వాణిజ్య విధానంలో వన్యప్రాణుల ఎగుమతి సాధారణంగా నిషిద్ధం. నెమలి ఈకలు చూడండి. రాలిన ఈకల్ని దేశంలో అమ్ముకోవచ్చు, దేశం దాటించకూడదు.

నక్షత్ర తాబేలు 2019లో రెండో అనుబంధం నుంచి మొదటి దానికి మారింది. ఎందుకంటే ఈ తాబేలు ప్రపంచంలో అత్యధికంగా దొంగ రవాణా అయ్యే తాబేళ్ళలో ఒకటి. భారత్‌లోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55 వేల తాబేళ్ళు పోతున్నాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. చెన్నై లాంటి విమానాశ్రయాల మీదుగా ఇవి ఆగ్నేయాసియాకు చేరతాయి.

పోయినవి తిరిగి రావడం ఎంత కష్టమో కూడా ఈ తాబేలే చూపించింది. 2018 నవంబరులో సింగపూర్ నుంచి 51 నక్షత్ర తాబేళ్ళను కర్ణాటకకు తిరిగి తెచ్చారు. ఒక సంచిలో వందలు దాటిపోయే చోట 51 అన్నది చిన్న సంఖ్యే. దొంగతనంగా పోయేటప్పుడు కాగితం అక్కర్లేదు, తిరిగి రావడానికి మాత్రం రెండు దేశాల అనుమతులు, ఆరోగ్య పరీక్షలు, విడిగా ఉంచి గమనించే గడువు, అన్నీ కావాలి. ఇదేం న్యాయం అనిపిస్తుంది. కానీ కారణం ఉంది. ఈ తాబేళ్ళు వాయవ్య భారతంలో, దక్షిణాదిలో, శ్రీలంకలో విడివిడిగా బతుకుతాయి. పట్టుబడిన తాబేలు ఎక్కడిదో దాని డిప్ప చూసి చెప్పలేం. గుజరాత్ దాన్ని తెచ్చి కదిరి కొండల్లో వదిలితే రెండు వంశాలు కలుస్తాయి. పరాయి చోట ఇరుకు పెట్టెల్లో అంటిన రోగం ఇక్కడి తాబేళ్ళకు పాకవచ్చు. అలాగని జీవితాంతం బోనులో ఉంచడమూ రక్షణ కాదని తాబేళ్ళను కాపాడేవాళ్ళే అంటారు. ఈ తగవు తెగలేదు.

విదేశీ చిలుకలు, ఇగ్వానాలు, కొండచిలువలు పెంచేవాళ్ళకు వేరే నిబంధనలున్నాయి. నాలుగో షెడ్యూల్లో ఉన్న జీవుల్ని కలిగినవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలొచ్చాయి. ఆఫ్రికా చిలుకకు నమోదు దారి ఉండి మన చిలుకకు లేకపోవడం వింతగా కనిపిస్తుంది. మన అడవిలోంచి ఏదీ సంతకు రాకూడదన్నది ఆ తేడా వెనకున్న లెక్క.

ఒక ఈక, ఒక గుడ్డు కూడా సరుకే

పర్మిట్ బతికున్న జంతువుకే అనుకుంటే పొరపాటు. కడప జిల్లా కలివి కోడి సంగతి ఇందుకు ఉదాహరణ. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టింది ఐతన్న అనే స్థానికుడు. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి గురించి తగవులు నడిచాయి.

దీని గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించింది. డీఎన్‌ఏ పరీక్షలో అది కలివి కోడిదేనని తేలింది. మన పక్షి గుడ్డు గుర్తింపు అక్కడ జరగడానికి కారణం పోల్చి చూడదగ్గ పాత నమూనాలు బ్రిటన్ మ్యూజియాల్లో ఉండటమే. వలస రోజుల్లో సేకరించినవాళ్ళు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు కడప పరిశోధకుడు ఒక ఈకను విదేశీ ప్రయోగశాలకు పంపాలంటే అటవీశాఖ అనుమతితో పాటు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా వర్తించవచ్చు. ఈ ఆలస్యాల్లో ప్రాజెక్టుల గడువులే అయిపోతున్నాయని పరిశోధకుల ఫిర్యాదు. ఒక్కసారి వదులు చేస్తే పరిశోధన పేరుతో ఏదైనా పోతుందని అధికారుల జవాబు. అబర్డీన్ గుడ్డును తలుచుకుంటే ఇద్దరి మాటా సబబే అనిపిస్తుంది.

అనుమతి ఉన్నా కదలని జంతువులు

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి చట్టంలో రాసి లేదు. గిర్ సింహాల్ని మధ్యప్రదేశ్‌లోని కూనోకు 6 నెలల్లో తరలించాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. గుజరాత్ ఇవ్వలేదు. 2022 సెప్టెంబరులో ఆ కూనోకు నమీబియా నుంచి 8 చీతాలు విమానంలో వచ్చాయి. పక్క రాష్ట్రం నుంచి రాని జంతువు స్థానంలో మరో ఖండం నుంచి వేరే జంతువు వచ్చింది.

మన రోళ్ళపాడుకు ఈ ప్రశ్న రేపో మాపో ఎదురవుతుంది. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ప్రకటించిన ఆ అభయారణ్యం అప్పటి కర్నూలు జిల్లాలోది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. రక్షణ వచ్చాక అక్కడ జింకలు పెరిగాయి, చుట్టుపక్కల రైతులకు కోపం పెరిగింది, పిట్ట మాత్రం కనుమరుగైంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర 2019 నుంచి ఈ పక్షుల్ని కృత్రిమంగా పొదిగించి పెంచుతున్నారు. వాటిలో కొన్నింటిని ఎప్పుడైనా ఇటు తెస్తారా అని పక్షి ప్రేమికులు అడుగుతుంటారు. కేంద్రం అనుమతి, రాజస్థాన్ సమ్మతి, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ సలహా, ఇవి కాగితం మీది మెట్లు. వీటికి ముందు తేలాల్సిన సంగతులు ఇక్కడున్నాయి: ఆ బరువైన పిట్ట తిరగడానికి సరిపడా గడ్డి నేల మిగిలిందా, పొరుగు రైతులు మళ్ళీ ఒప్పుకుంటారా, సోలారు, గాలిమరల కోసం జిల్లా అంతా పరుచుకున్న కరెంటు తీగల్ని అది తప్పించుకోగలదా. ముందున్నది సరిగ్గా చూడలేక తీగలకు కొట్టుకుని చనిపోవడమే రాజస్థాన్‌లో ఈ పక్షికి ఇప్పుడున్న పెద్ద గండం.